ఫిస్టులా ఆపరేషన్‌కి ముందు పీఆర్‌పీ: ఎవరు చేయించుకోవాలి, ఎవరు నేరుగా ఆపరేషన్‌కి వెళ్లాలి

గర్భసంచి తీయించుకున్న వారం పది రోజులకి మూత్రం తెలియకుండానే కారడం మొదలవుతుంది. కూర్చున్నా, నడిచినా, పడుకున్నా ఆగదు. మళ్లీ ఆస్పత్రికి వెళితే మూత్రాశయంలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించి చూసి, మూత్రాశయానికీ యోనికీ మధ్య దారి పడింది, దీన్ని ఫిస్టులా అంటారు, ఆపరేషన్ చేసి మూసేయాలి కానీ కొన్నాళ్లు ఆగుదాం అంటారు. సరిగ్గా ఈ ఆగే కాలంలోనే ఎవరో ఒకరు పీఆర్‌పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) గురించి చెబుతారు, మీ రక్తంలోంచే తీసి అక్కడ ఇంజెక్షన్ చేస్తారట, కండ బాగుపడుతుందట, కొందరికి ఆపరేషన్ లేకుండానే మూసుకుపోయిందట అని. అప్పటికే రాత్రింబగళ్లు తడిసిపోతూ, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేక కుమిలిపోతున్న మనిషికి ఆ మాట ఎంత ఆశ పుట్టిస్తుందో నాకు తెలుసు. అందుకే దీన్ని మిగతా దారులతో పక్కపక్కన పెట్టి, దాచకుండా చెప్పాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీకు ఇదే మొదటి రిపేర్ అయి, రంధ్రం చిన్నదై, చుట్టూ ఉన్న కండ మెత్తగా ఆరోగ్యంగా ఉందని సర్జన్ చూసి చెప్పి ఉంటే, పీఆర్‌పీ కోసం ఆపరేషన్‌ని ఒక్క వారం కూడా వెనక్కి జరపొద్దు. ఇంతకుముందే ఒక రిపేర్ ఫెయిలై, చుట్టూ గట్టిపడి మచ్చకట్టి, ఎలాగూ రెండు మూడు నెలలు ఆగక తప్పని పరిస్థితి అయితే, ఆ ఖాళీ కాలంలో పీఆర్‌పీ చేయించుకోవడం ఆలోచించదగ్గదే. రేడియేషన్ తీసుకున్నవాళ్ల లెక్క వేరు, కిందికి వచ్చాక చెబుతాను. ఈ మూడింట్లో మీరు ఎక్కడున్నారో తేల్చుకోవడమే అసలు పని.

మనవాళ్లు దీని గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాల్సిన కారణం ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి మూడుకి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిదికి పైనే ఉన్నారు. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. నొప్పులు రెండు మూడు రోజులు సాగి, బిడ్డ తల మూత్రాశయాన్ని నొక్కేసి, అక్కడి కండ చచ్చిపోయి ఫిస్టులా రావడం ఆఫ్రికా దేశాల్లో ఇంకా ఎక్కువే. ఆస్పత్రి కాన్పులు పెరిగిన చోట మాత్రం గర్భసంచి ఆపరేషనే ముఖ్యమైన కారణంగా మారింది. ఈ ఆపరేషన్లు ఎక్కువ జరిగే చోట ఇలాంటి లీకేజీలు కూడా కనబడతాయి, ఇందులో ఆడమనిషి తప్పు ఇసుమంతైనా లేదు.

ముందు అసలు అది ఏమిటో తేలాలి

పీఆర్‌పీ దాకా వెళ్లేముందు రంధ్రం ఎక్కడుందో గట్టిగా తేలాలి. దగ్గినా తుమ్మినా కొంచెం కారడం వేరు, అది పట్టు వదిలిన కండరాల సమస్య. పగలూ రాత్రీ తేడా లేకుండా కారుతూనే ఉంటే ఫిస్టులా అని అనుమానించాలి. "ఆపరేషన్ తర్వాత మామూలే, వ్యాయామం చేస్తే తగ్గిపోతుంది" అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే ఒప్పుకోకండి, రంగు పరీక్ష చేయమని అడగండి.

ఆ పరీక్ష చాలా సులువు. యోనిలో పైన, మధ్యలో, కింద మూడు దూది ఉండలు పెట్టి, కాథెటర్ అనే మూత్రం పైపు గుండా మూత్రాశయంలోకి నీలం రంగు ద్రవం నింపి, కాసేపు నడిపించి తీసి చూస్తారు. లోపలి దూదికి నీలం అంటితే రంధ్రం మూత్రాశయానికే ఉన్నట్టు. అన్నింటికన్నా కింది దూది మాత్రమే నీలమైతే మూత్రం వెళ్లే మామూలు దారి నుంచే కారి ఉండొచ్చు. పై దూది తడిసింది కానీ రంగు అంటలేదంటే కిడ్నీ నుంచి వచ్చే నాళానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. ఈ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే కొందరిలో మూత్రాశయంతో పాటు నాళం కూడా దెబ్బతింటుంది, దాన్ని వదిలేసి మూత్రాశయానికి ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా ఎంత బాగా కుట్టినా లీకేజీ ఆగదు, పైగా ఆ వైపు కిడ్నీ పాడవుతుంది. అందుకే మూత్రాశయం లోపల కెమెరాతో చూసే సిస్టోస్కోపీతో పాటు కిడ్నీలకీ నాళాలకీ సీటీ యూరోగ్రామ్ అనే స్కాన్ చేయించమంటారు. ఖర్చని దీన్ని మానేయొద్దు, పీఆర్‌పీకి పెట్టే డబ్బులుంటే ముందు దీనికి పెట్టండి.

కాథెటర్ ఒక్కటే పెట్టుకుని చూడటం

ఫిస్టులా బయటపడి ఎక్కువ రోజులు కాలేదు, రంధ్రం సన్నగా ఉంది అనుకుంటే, కాథెటర్ పెట్టి మూత్రాశయాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచితే కొద్దిమందిలో అదే మూసుకుంటుంది. అందరిలో కాదు, చాలా తక్కువమందిలోనే. అయినా తొలి వారాల్లో దీన్ని ప్రయత్నించడం వల్ల పోయేదేమీ లేదు. కాథెటర్ పెట్టాక యోని నుంచి లీకేజీ బాగా తగ్గితే ఆశ ఉన్నట్టు. పెట్టినా అలాగే కారుతుంటే నెలల తరబడి బ్యాగు మోసుకుంటూ తిరగడంలో ఫలితం లేదు, ఇన్‌ఫెక్షన్లు పెరగడం తప్ప.

నేరుగా ఆపరేషన్

ఎక్కువమందికి నేను గట్టిగా చెప్పేది ఇదే. గర్భసంచి ఆపరేషన్ తర్వాత వచ్చే మామూలు ఫిస్టులాని అనుభవమున్న సర్జన్ మొదటిసారి రిపేర్ చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బాగవుతారు. ఇంత మంచి ఫలితం ఉన్న చోట ఇంకో వైద్యం పక్కన చేర్చి అదనంగా సాధించేది ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి. పైగా మొదటి రిపేరే అన్నిటికన్నా బాగా నిలబడుతుంది. ప్రతి ఫెయిల్యూర్ తర్వాతా మచ్చ పెరుగుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, కుట్టడానికి మిగిలే మంచి కండ తగ్గుతుంది. అందుకని మీ శ్రమ, డబ్బు, వెతుకులాట అన్నీ మొదటి రిపేర్‌ని మంచి చేతుల్లో పెట్టడం మీద ఖర్చు చేయండి.

మరి ఎందుకు ఆగమంటారు? గాయం కొత్తగా ఉన్నప్పుడు చుట్టూ వాపు, ఎర్రదనం, కుళ్లిన పొరలు ఉంటాయి. పాతబడి నీరసించిన బట్టకి వేసిన కుట్టు చీలిపోయినట్టే అలాంటి కండకి వేసిన కుట్లు తెగిపోతాయి. దాంతో పాత పద్ధతిలో మూడు నెలలు ఆగేవాళ్లు. ఇప్పుడు చాలామంది సర్జన్లు క్యాలెండర్ చూడటం మానేసి కండని చూస్తున్నారు, ఇన్‌ఫెక్షన్ లేకుండా శుభ్రంగా ఉంటే ముందే చేస్తున్నారు. కాబట్టి "ఎన్ని నెలలు ఆగాలి" అని కాకుండా "నా కండ ఇప్పుడు ఎలా ఉంది, దేనికోసం ఆగుతున్నాం" అని అడగండి. జవాబు స్పష్టంగా రావాలి.

రిపేర్ కింది నుంచి చేస్తారా పొట్ట నుంచి చేస్తారా అన్నది రంధ్రం ఉన్న చోటుని బట్టి ఉంటుంది. గర్భసంచి తీశాక వచ్చేది ఎక్కువగా యోని పైకొసలో ఉంటుంది, దానికి లాట్జ్‌కో పద్ధతి బాగా సరిపోతుంది. వియన్నా డాక్టర్ లాట్జ్‌కో పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో రంధ్రాన్ని కోసి తీసేయకుండా, చుట్టూ యోని లోపలి పొరని తొలగించి, పొరపొరగా దాని మీద మూసేస్తారు. పొట్ట మీద కోత ఉండదు, త్వరగా కోలుకుంటారు. రంధ్రం పెద్దదైనా, కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలకి మరీ దగ్గరగా ఉన్నా, నాళం కూడా సరిచేయాల్సి ఉన్నా పొట్ట నుంచి వెళతారు, ఓపెన్‌గానో ల్యాప్రోస్కోపీతోనో రోబోతోనో. రోబో అన్న మాటకి పడిపోకండి. మీ సర్జన్ ఏ పద్ధతిలో ఎక్కువ చేశారో ఆ పద్ధతే మీకు మంచిది.

ఇంతకీ పీఆర్‌పీ ఏం చేస్తుంది

మన రక్తంలో మైక్రోలీటర్‌కి సుమారు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. చేతి నుంచి కొంత రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి దిగిపోతాయి, ప్లేట్‌లెట్లు చిక్కగా చేరిన పసుపు ద్రవాన్ని వేరుచేసి తీస్తారు. మామూలు రక్తం కన్నా మూడు నుంచి ఐదు రెట్లు చిక్కగా ఉంటే మంచి పీఆర్‌పీ అని సాధారణంగా అనుకుంటారు. దెబ్బ తగిలిన చోట రక్తం గడ్డకట్టించడంతో పాటు ప్లేట్‌లెట్లు ఇంకో పని కూడా చేస్తాయి, తమలో దాచుకున్న గ్రోత్ ఫ్యాక్టర్లని వదులుతాయి. వాటిలో కొన్ని కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి, కొన్ని కండకి బలమిచ్చే కొల్లాజెన్ అనే పీచుని అల్లే కణాలని పిలుస్తాయి. మచ్చకట్టి రక్తం సరిగ్గా అందని కండలో ఇలాంటి పిలుపు పనికొస్తుందన్నదే ఆలోచన. మోకాళ్లకీ జుట్టుకీ పీఆర్‌పీ అని మన ఊళ్లలో బోర్డులు చూస్తుంటాం కదా, పదార్థం అదే, చోటు వేరు.

ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకోవాలి. గ్రోత్ ఫ్యాక్టర్లలో ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లు పనిలోకి దిగిన మొదటి గంటలోనే విడుదలైపోతుంది, కానీ దాని ఫలితంగా రక్తనాళాలు పెరగడానికి, కొల్లాజెన్ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అంటే ఆపరేషన్‌కి ముందు రోజు పీఆర్‌పీ ఇచ్చి "కండ సిద్ధం చేశాం" అంటే అర్థం లేదు. ముందస్తు తయారీగా ఇస్తే మధ్యలో కొన్ని వారాలు ఉండాలి.

పోలండ్‌లోని లుబ్లిన్ డాక్టర్లు అలాగే చేశారు. మళ్లీ మళ్లీ వచ్చిన ఫిస్టులాలున్న 16 మంది మహిళలకి రంధ్రం చుట్టూ పీఆర్‌పీ ఇంజెక్ట్ చేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అప్పుడు లాట్జ్‌కో ఆపరేషన్ చేశారు. 2019లో ప్రచురించిన ఈ అనుభవం ఆశాజనకంగానే ఉంది. కానీ పీఆర్‌పీ ఇవ్వకుండా అదే ఆపరేషన్ చేసిన ఇంకో గుంపుని పక్కన పెట్టి పోల్చలేదు. చేయి తిరిగిన సర్జన్లు చేసిన ఆపరేషన్ వల్ల ఎంత బాగైంది, పీఆర్‌పీ వల్ల ఎంత అని విడదీసి చెప్పడానికి దాంతో కుదరదు. ఎవరైనా మీకు "పీఆర్‌పీ ఇస్తే గ్యారంటీ" అని చెబితే ఆ మాటకి ఆధారం లేదు.

పీఆర్‌పీతోనే మూసేయడం

ఇరాన్‌లోని మష్హద్‌లో ఇంకో దారి ప్రయత్నించారు. ఆపరేషన్ల వల్ల ఫిస్టులా వచ్చిన 12 మందికి చుట్టూ పీఆర్‌పీ ఇంజెక్ట్ చేసి, దారి లోపల ప్లేట్‌లెట్లతో తయారుచేసిన ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) జిగురు నింపారు, పెద్ద ఆపరేషన్ ఏదీ లేదు. ఆరు నెలల తర్వాత 11 మందికి లీకేజీ ఆగిపోయిందని 2013లో రాశారు. వినడానికి అద్భుతంగా ఉంటుంది, "ఆపరేషన్ లేకుండానే నయం" అన్న మాట ఇలాంటి చోట్ల నుంచే పుడుతుంది. పన్నెండు మంది అన్నది చాలా చిన్న సంఖ్య అని మాత్రం మర్చిపోకండి. పీఆర్‌పీ కణాలని ప్రోత్సహిస్తుంది, లేని కండని పుట్టించి పెద్ద రంధ్రాన్ని పూడ్చదు. రెండు సెంటీమీటర్ల రంధ్రం ఉన్నవాళ్లు దీనికోసం నెలలు గడిపేస్తే పోయేది వాళ్ల కాలమే.

నేనైతే దీన్ని ఎవరికి చెబుతానంటే, రంధ్రం కొన్ని మిల్లీమీటర్లే ఉండి, మత్తుకీ పెద్ద ఆపరేషన్‌కీ గుండె జబ్బు లాంటివి అడ్డుపడుతున్నవాళ్లకి, లేదా రిపేర్ తర్వాత సూదిమొనంత లీకేజీ మిగిలిపోయినవాళ్లకి. అది కూడా ఎన్ని వారాలు చూసి, ఫలితం లేకపోతే ఎప్పుడు ఆపరేషన్‌కి వెళతామో ముందే తేదీ రాసుకుని.

అసలు పోటీ పీఆర్‌పీకీ ఫ్లాప్‌కీ

దీన్ని ఎవరూ సరిగ్గా వివరించరు, అందుకే కొంచెం ఆగి చెబుతాను. చుట్టూ కండ బాగాలేదు అన్న సమస్యకి సర్జన్ల దగ్గర చాలాకాలంగా ఉన్న జవాబు ఫ్లాప్. మూత్రాశయానికి వేసిన కుట్టుకీ యోనికి వేసిన కుట్టుకీ మధ్యలో రక్తప్రసరణ బాగా ఉన్న ఇంకో కండనో కొవ్వునో తెచ్చి దుప్పటిలా పరుస్తారు. కింది నుంచి చేస్తే యోని పెదవి లోపలి కొవ్వుని దాని రక్తనాళంతో సహా జరిపి పెడతారు, 1928లో జర్మన్ డాక్టర్ మార్షియస్ చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుతున్నారు. పొట్ట నుంచి చేస్తే పేగుల మీద ఉండే ఒమెంటమ్ అనే కొవ్వు పొరని కిందికి దించి పెడతారు.

పీఆర్‌పీ ఉన్న కండలోనే రక్తనాళాలు పెరగమని ఉసిగొల్పుతుంది, ఫ్లాప్ అయితే రక్తం పారుతున్న కండనే తెచ్చి పెట్టేస్తుంది. మచ్చ బాగా ఉన్న కేసుల్లో, మళ్లీ వచ్చిన కేసుల్లో ఫ్లాప్ మీద దశాబ్దాల అనుభవం ఉంది, పీఆర్‌పీ మీద ఉన్నది చిన్న చిన్న అధ్యయనాలు. కనుక మీ సర్జన్ "మీకు పీఆర్‌పీ ఇస్తున్నాం కాబట్టి ఫ్లాప్ అక్కర్లేదు" అంటే నేను ఇంకో అభిప్రాయం కోసం వెళతాను. "ముందు పీఆర్‌పీ, ఆపరేషన్‌లో అవసరాన్ని బట్టి ఫ్లాప్" అంటే అది ఆలోచన ఉన్న మాట. ఫ్లాప్‌కి ఇంకో చిన్న కోత, కొద్ది రోజులు నొప్పి, అక్కడ కాస్త తిమ్మిరి ఉండొచ్చు. పీఆర్‌పీలో ఆ బాధ తక్కువ, సూది నొప్పి, ఒకటి రెండు రోజులు మంట, కొద్దిగా రక్తం మరకలు, అంతే. మీ సొంత రక్తమే కాబట్టి ఎలర్జీ భయం దాదాపు లేదు.

బజారులో దొరికే ఫైబ్రిన్ గ్లూ మాత్రమే నింపడం గురించి ఎక్కువ చెప్పను. సన్నని పొడవాటి దారుల్లో ఎప్పుడైనా పనిచేయొచ్చు, చాలామందికి అది దారి కాదు.

రేడియేషన్ తీసుకున్నవాళ్లు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న కొన్ని నెలలకో ఏళ్లకో ఫిస్టులా వస్తే కథ మొత్తం మారిపోతుంది. రేడియేషన్ చిన్న రక్తనాళాలని మూసేస్తుంది, కండ చెక్కలా గట్టిపడుతుంది, కుట్లు నిలవవు. "రక్తనాళాలు పెంచే పీఆర్‌పీ సరిగ్గా ఇలాంటి చోటే కావాలి కదా" అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఈ లీకేజీ క్యాన్సర్ తిరిగి రావడం వల్ల కూడా అయి ఉండొచ్చు. కణాలు పెరగమని చెప్పే పదార్థాన్ని క్యాన్సర్ ఉన్న చోట ఇంజెక్ట్ చేయడం మంచిది కాదు. కాబట్టి రంధ్రం అంచుల నుంచి ముక్క తీసి బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా పీఆర్‌పీ మాటే ఎత్తొద్దు. క్యాన్సర్ లేదని తేలాక కూడా చాలాసార్లు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగి, ఫ్లాప్‌తోనే రిపేర్ చేస్తారు, కొందరికి మూత్రం వేరే దారిన బయటికి పంపే ఏర్పాటు చేయాల్సి వస్తుంది. ఇలాంటి కేసు పెద్ద క్యాన్సర్ సెంటరుకో పెద్ద యూరాలజీ విభాగానికో వెళ్లాల్సిందే, ఊళ్లో చేసే పని కాదు.

ఇంకెవరికి పీఆర్‌పీ వద్దంటే: ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తక్కువ ఉన్నవాళ్లకి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఇంకా తగ్గనివాళ్లకి, ఒంట్లో ఎక్కడైనా చీము, జ్వరం ఉన్నవాళ్లకి, రక్తం పలచబడే మందులు వాడుతూ ఆపడానికి వీలులేనివాళ్లకి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తాయి, సుమారు వారం ముందు నుంచి ఆపమంటారు. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్‌ని మాత్రం గుండె డాక్టర్‌ని అడగకుండా మీ అంతట మీరు ఆపకండి.

భగందరం, అంటే మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులా ఉన్నవాళ్లు కూడా పీఆర్‌పీ గురించి వెతుకుతుంటారు. అక్కడ ముందుగా జరగాల్సింది చీము పూర్తిగా బయటికి పోవడం, దానికి ఆ దారిలోంచి సీటన్ అనే దారం వేసి వారాలు ఉంచుతారు, పీఆర్‌పీని ఎక్కువగా ఆ తర్వాత ఆపరేషన్ బల్ల మీదే ఫ్లాప్‌తోనో, కండరాల మధ్య ఆ దారిని కట్టేసే లిఫ్ట్ పద్ధతితోనో కలిపి వాడారు. ఇక్కడ చెప్పిన ఆరు వారాల లెక్క అక్కడికి తీసుకెళ్లొద్దు.

ఆగే కాలంలో పీఆర్‌పీ కన్నా ముందు చేయాల్సినవి

ఇది ఎవరూ అమ్మే వస్తువు కాదు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పరు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే, షుగర్ అదుపులో లేకపోతే, మనిషి ఎండిపోయి ఉంటే ఎన్ని గ్రోత్ ఫ్యాక్టర్లు పోసినా గాయం మానదు. ఐరన్ వాడండి, గుడ్లు, పప్పు, పాలు, చేపలు, మీ ఇంట్లో ఏది కుదిరితే అది రోజూ తినండి. "ఆపరేషన్ అయినవాళ్లు పప్పు తినకూడదు, గుడ్డు తింటే చీము పడుతుంది" అని పెద్దవాళ్లు పథ్యం పెడతారు, వాళ్లు ప్రేమతోనే చెబుతారు కానీ ఆ పథ్యమే గాయాన్ని ఆలస్యం చేస్తుంది. పొగాకు మానాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి, పొగాకు సన్నని రక్తనాళాలని బిగుసుకుపోయేలా చేస్తుంది, మనం పీఆర్‌పీతో తెరవాలనుకునేది వాటినే.

లీకేజీ తగ్గుతుందని నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేయకండి. మూత్రం చిక్కబడితే మంట, వాసన పెరుగుతాయి, రాళ్లు కట్టే అవకాశం కూడా పెరుగుతుంది. ప్యాడ్లు తడిసినప్పుడల్లా మార్చి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ క్రీమో వాజలైనో పూస్తే చర్మం ఒరుసుకుపోదు. నెలసరి ఆగిపోయినవాళ్లకి యోనిలో పూసే ఈస్ట్రోజెన్ క్రీమ్ కొందరు డాక్టర్లు రాస్తారు, పొర మందంగా అవుతుందని. రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉంటే ఆ సంగతి చెప్పాకే వాడాలి. ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్ చేయించి ఇన్‌ఫెక్షన్‌ని పూర్తిగా తగ్గించుకోవాలి.

డబ్బు, ఆస్పత్రి

రిపేర్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కింద మీకు వర్తిస్తుందా అని ఆస్పత్రి డెస్క్ దగ్గరుండే ఆరోగ్యమిత్రని నేరుగా అడగండి. పీఆర్‌పీ ప్యాకేజీలో ఉందా విడిగా కట్టాలా అన్నది కూడా అప్పుడే అడిగి, ఎన్నిసార్లు ఇస్తారు, ఒక్కోసారికి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. అప్పు చేసి పీఆర్‌పీ చేయించుకుని, అసలు ఆపరేషన్‌కి డబ్బుల్లేక ఆగిపోవడం కన్నా ఘోరం ఇంకోటి ఉండదు. ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే అది ఆపరేషన్‌కే. జిల్లా ఆస్పత్రిలో ఈ రిపేర్లు చేసేవాళ్లు లేకపోతే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలు ఉన్నాయి, అక్కడికి రాసివ్వమని అడగండి.

సర్జన్‌ని కలిసినప్పుడు మొహమాటపడకుండా ఇవి అడగండి. మీరు ఇలాంటి రిపేర్లు ఏడాదికి ఎన్ని చేస్తారు? నా రంధ్రం ఎంత పెద్దది, మూత్రనాళాలకి ఎంత దూరంలో ఉంది? కండ ఆరోగ్యంగా ఉందా, మచ్చ ఉందా? పీఆర్‌పీ ఇవ్వకపోతే ఆపరేషన్ ఎప్పుడు, ఇస్తే ఎప్పుడు? ఈ చివరి ప్రశ్నకి రెండు తేదీలూ ఒకటే అయితే, అంటే ఎలాగూ ఆగుతున్న కాలంలోనే పీఆర్‌పీ ఇమిడిపోతే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే చేయించుకోవడంలో పెద్ద నష్టం లేదు. పీఆర్‌పీ వల్ల ఆపరేషన్ రెండు నెలలు వెనక్కి పోతుందంటే, ఆ రెండు నెలలు తడిలో గడిపేది మీరు, అందుకు తగ్గ కారణం చెప్పమని అడిగే హక్కు మీకుంది. పీఆర్‌పీ తయారుచేసేది ఎవరు, ప్లేట్‌లెట్ల కౌంట్ లెక్కపెడతారా అని కూడా అడగండి. యంత్రాన్ని బట్టి, తిప్పే వేగాన్ని బట్టి ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది, కొన్నిచోట్ల పేరుకే పీఆర్‌పీ, సీసాలో ఉండేది మామూలు ప్లాస్మా. బ్లడ్ బ్యాంకు ఉన్న ఆస్పత్రిలో అయితే శుభ్రత మీదా కౌంట్ మీదా కాస్త భరోసా ఉంటుంది.

ఏ దారిలో వెళ్లినా ఆపరేషన్ తర్వాత కాథెటర్ రోజులే కీలకం. చాలామంది సర్జన్లు రెండు మూడు వారాలు ఉంచుతారు. కాన్పు వల్ల వచ్చిన చిక్కుల్లేని చిన్న ఫిస్టులాలకి ఏడు నుంచి పది రోజులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మీది మళ్లీ చేసిన రిపేర్ అయితే సర్జన్ చెప్పినన్ని రోజులు ఉంచాల్సిందే. ఆ రోజుల్లో పైపు మెలిపడి మూత్రం ఆగిపోతే మూత్రాశయం ఉబ్బి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి బ్యాగులోకి మూత్రం వస్తోందా లేదా అని ఇంట్లో ఒకరు రాత్రి కూడా లేచి చూడాలి. గంట రెండు గంటలపాటు చుక్క పడకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. మలబద్ధకం రాకుండా మందు అడగండి, బిందెలు ఎత్తొద్దు, మూడు నెలలు భార్యాభర్తలు దూరంగా ఉండాలని డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పేలా చూసుకోండి, ఆ మాట భార్య ఒక్కతే ఇంటికి మోసుకెళ్లాల్సిన పరిస్థితి రాకూడదు.